52 సీసీ గోతుల మిషన్‌కి 12 అంగుళాల బిట్ పడుతుందా?

ఉద్దానం జీడి (ప్రశ్న):
నమస్కారమండీ. వజ్రపుకొత్తూరు మండలంలో ఎకరంన్నరలో జీడి అంట్లు పెట్టాలి. 7.5 మీటర్ల ఎడం లెక్కన 108 గోతులు వస్తున్నాయి. నా దగ్గరున్నది 52 సీసీ టూ స్ట్రోక్ పెట్రోల్ ఆగర్ (గోతులు తీసే మిషన్), దాంతో వచ్చిన 8 అంగుళాల బిట్ (మట్టిని తవ్వే మరచుట్ల రాడ్డు). గొయ్యి వెడల్పుగా రావాలని 12 అంగుళాల బిట్ తెచ్చాను. మిషన్ షాఫ్ట్ 20 మి.మీ., కొత్త బిట్ సాకెట్ లోపలి కొలత 25 మి.మీ. పిన్ను బెజ్జాలు కూడా కలవట్లేదు. నేల పైన అడుగున్నర ఇసుక కలిసిన ఎర్రమట్టి, దాని కింద గట్టి గరప (కంకర కలిసిన గట్టి నేల). బుష్ (సందు పూడ్చే గొట్టం ముక్క) వేయించి బిగిస్తే సరిపోతుందా? ఇంజిన్ లాగుతుందా?

లేత్ పని, విజయనగరం:
బిగించడం వరకు నేను చెప్తాను. లాగుతుందా లేదా అన్నది వేరే సంగతి.

టేపుతో కొలిచి లేత్ షాపుకి వెళ్లకండి. వెర్నియర్‌తో (మి.మీ.లో చిన్న భాగాలూ చూపే కొలత పనిముట్టు) షాఫ్ట్ మందం, షాఫ్ట్ చివర నుంచి పిన్ను బెజ్జం మధ్యకి దూరం, పిన్ను మందం, సాకెట్ లోతు, ఈ నాలుగూ రాసుకోండి. వీలైతే మిషన్‌నే తీసుకెళ్లండి. బుష్‌కి ఈఎన్8 (గట్టి రకం ఉక్కు) రాడ్డు చెప్పండి, మామూలు పైపు ముక్క వద్దు. బయట 25, లోపల 20 అంటే గోడ మందం 2.5 మి.మీ. మాత్రమే, మెత్తటి పైపైతే పిన్ను బెజ్జం దగ్గర సాగిపోతుంది. బుష్ పొడవు సాకెట్ లోతంతా ఉండాలి. దాన్ని సాకెట్‌లో దిగ్గొట్టి మూతి దగ్గర మూడు చోట్ల వెల్డింగ్ చుక్కలు పెట్టిస్తే చాలు. వెల్డింగ్ బిట్ వైపే ఉండాలి, మిషన్ షాఫ్ట్‌కి తగలనే కూడదు.

కొత్త బెజ్జం సాకెట్‌కే వేయాలి, షాఫ్ట్‌కి ఇంకో బెజ్జం వేస్తే అక్కడే విరుగుతుంది. పాత బెజ్జానికి అడ్డంగా, పావు చుట్టు తిప్పి, వి-బ్లాకు (గుండ్రటి రాడ్డు దొర్లకుండా పట్టే గాడి దిమ్మ) మీద పెట్టి డ్రిల్లింగ్ మిషన్‌తో ఒకే దెబ్బకి ఆ పక్క వరకు వేయించండి. చేతి డ్రిల్లుతో వేస్తే అవతలి పక్క వంకరగా తేలుతుంది, పిన్ను దూరదు. ఇంకొకటి, షాఫ్ట్ చివర సాకెట్ అడుక్కి ఆనేలా ఉండాలి. ఆనకపోతే మీరు నొక్కే బరువంతా పిన్ను మీద పడుతుంది.

వదులు ఎంతవరకు ఫరవాలేదంటే ఇలా లెక్కేసుకోండి: సాకెట్ లోతు 50 మి.మీ., వదులు అర మి.మీ. ఉంటే 800 మి.మీ. కిందున్న మొన 8 మి.మీ. పక్కకి పోతుంది. ఆ ఊగుడు తిన్నగా గేర్‌బాక్స్ బేరింగ్ మీదకి వస్తుంది. 0.1 నుంచి 0.2 మి.మీ. దాటనివ్వకండి.

పిన్ను పోయిందని దొరికిన హైటెన్సిల్ (తేలిగ్గా తెగని గట్టి ఉక్కు) బోల్టు దూర్చడం చాలా చోట్ల చూస్తాం. వేరు తగిలితే ముందు తెగాల్సింది పిన్నే. అది తెగకపోతే గేరు పళ్లు పోతాయి. మిషన్‌తో వచ్చిన రకమే వేయండి.

జీడి, కొబ్బరి – పలాస:
బుష్ ఖర్చు పెట్టేముందు గొయ్యి లెక్క చూడండి. జీడి అంటుకి 60 సెం.మీ. పొడవు, వెడల్పు, లోతు కావాలి. 12 అంగుళాల బిట్ తీసేది 30 సెం.మీ. గుండ్రటి గొయ్యి. అంటే కావాల్సిన మట్టిలో అయిదో వంతే. మిగతాది ఎలాగూ గునపంతో, పారతో తియ్యాల్సిందే.

మీ 8 అంగుళాల బిట్‌తోనే 60 సెం.మీ. చదరానికి నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి వేయండి. మూల గోతుల మధ్య బిందువు చదరం అంచుల నుంచి 10 సెం.మీ. లోపలికి ఉండాలి. అయిదు కలిపి దాదాపు 44 శాతం మట్టి బయటికి వచ్చేస్తుంది. మధ్య గొయ్యికీ మూల గొయ్యికీ నడుమ మిగిలేది 8 సెం.మీ. గోడ, గునపం ఆనించి తోస్తే కూలిపోతుంది. మూలలు ముందు, మధ్యది ఆఖర్న. ఇంతకన్నా దగ్గరగా వేస్తే బిట్ పక్క గోతిలోకి జారి మిషన్ చేతుల్లోంచి లాక్కుంటుంది.

ముందు 8 వేసి అదే గోతిలో 12 దింపితే సులువని కొందరంటారు. నాకు నచ్చని పద్ధతి. మధ్య మొనకి పట్టుకోవడానికి మట్టి ఉండదు కాబట్టి బిట్ అటూ ఇటూ కొట్టుకుంటుంది, గరపలో అయితే ఒక్కసారిగా పట్టేస్తుంది.

గరప పొరలో బిట్ తిరిగిన గోడ నున్నగా, గట్టిగా తయారవుతుంది. వేరు దాన్ని దాటలేక లోపలే చుట్లు తిరుగుతుంది. గునపం మొనతో గోడలన్నీ గీకి గరుకు చేయండి, ఇది మాత్రం మానొద్దు. 2018లో తిత్లీ తుఫానుకి కూలిన చెట్ల మోళ్లు, వేర్లు ఉన్న జాగా అయితే గొయ్యి వేసే చోట ముందు గునపంతో పొడిచి చూసుకోండి.

ఉద్దానం జీడి:
లెక్క అర్థమైంది, గోతులు 8తోనే వేస్తాను. 12 బిట్ ఎలాగూ కొన్నాను కదా, బీచి వైపు ఇసుక నేలలో సరుగుడు మొక్కలకి వాడొచ్చా?

చిన్న ఇంజిన్ల మెకానిక్, శ్రీకాకుళం:
వదులు ఇసుకలో వాడొచ్చు, గరపలో వద్దు. 8 నుంచి 12కి వెళ్తే వెడల్పు ఒకటిన్నర రెట్లే గానీ కోసే మట్టి 2.25 రెట్లు, షాఫ్ట్ మీద పడే మెలి కూడా అంతే. 52 సీసీ ఇంజిన్ ఆగిపోతే నయం, ఆగకుండా క్లచ్ జారుతూ ఉండటమే ప్రమాదం. ఆర్పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) పడగానే క్లచ్ షూలు, అంటే డ్రమ్ముని పట్టి తిప్పే దిమ్మలు, దాని మీద జారి కాలుతాయి. కాలిన వాసన, డ్రమ్ము నీలం రంగు తిరగడం గుర్తులు. ఆ వేడికి స్ప్రింగులు మెత్తబడితే ఐడిల్‌లో (త్రాటిల్ ఇవ్వనప్పుడు) కూడా బిట్ తిరుగుతూనే ఉంటుంది. అలాంటి మిషన్‌ని రిపేరు చేయించే దాకా ముట్టుకోవద్దు.

త్రాటిల్ పూర్తిగా ఇచ్చి, చేతి బరువు తగ్గించండి. శబ్దం దిగిందంటే నొక్కకూడదు, పైకి లేపాలి. 12 బిట్‌తో అడుగు లోతుకి 22 లీటర్ల మట్టి, తడిగా ఉంటే 35 కిలోల పైమాటే. అందుకని ప్రతి అరడుగుకీ పైకి తీసి విదిలించండి. రెండడుగులు ఒకేసారి దింపితే బిట్ పూడుకుపోయి ఇద్దరు లాగినా రాదు. హ్యాండిల్ ఇద్దరు పట్టాలి. వేరు తగిలితే బిట్ ఆగి మిషన్ తిరుగుతుంది, ఒక్కడైతే మణికట్టు పోతుంది. చేతికి తువ్వాలు చుట్టుకోవడం, వదులు చొక్కా వద్దు.

బిట్ ఇరుక్కుంటే ముందు ఇంజిన్ ఆపి ప్లగ్ క్యాప్ పీకేయండి. మిషన్‌ని పట్టుకుని వెనక్కి తిప్పితే లాభం లేదు, ఇంజిన్ ఆగినప్పుడు క్లచ్ వదిలేసి ఉంటుంది, బిట్ కదలదు. సాకెట్ కింద బిట్ రాడ్డుకి పైపు రెంచ్ వేసి, పైనుంచి చూస్తే గడియారం ముల్లుకి ఎదురుగా రెండు మూడు చుట్లు తిప్పండి. బిట్ మార్చేటప్పుడు కూడా ప్లగ్ క్యాప్ తీసే ఉంచాలి.

ఆయిల్ మిషన్ పుస్తకంలో ఉన్నట్టే. పెట్రోలుకీ ఆయిల్‌కీ పాళ్లు 25:1 అంటే లీటరుకి 40 మి.లీ., 40:1 అంటే 25 మి.లీ. పెద్ద బిట్ వేశామని పెంచొద్దు, పొగ ఎక్కువైందని తగ్గించొద్దు. ఇసుకలో పనైతే ఎయిర్ ఫిల్టర్ రోజూ విప్పి కడిగి ఆరబెట్టండి, సిలిండర్ రెక్కల మధ్య ఇసుక బ్రష్‌తో దులపండి. పది గోతులకోసారి బిట్ చివర బ్లేడు బోల్టులు చూసుకోండి, కొత్త బిట్‌కి మొదటి రోజే వదులవుతాయి.