బావిలో నల్లరాయి మధ్యన ఎర్రమట్టి పట్టె, ఎలా వచ్చింది?

పెన్‌గంగ రైతు, కిన్వట్:
అందరికీ నమస్కారం. చేనులో బావి తవ్విస్తున్నాం. పైన నల్లరేగడి, కింద మొరం, తర్వాత గడ్డపారకు లొంగని నల్లరాయి, బ్లాస్టింగ్ పెట్టి దిగుతున్నాం. 28 అడుగుల దగ్గర ఇటుకరంగు మట్టి పట్టె వచ్చింది, అడుగున్నర మందం. దాని కింద మళ్ళీ రాయే, కానీ నిండా కన్నాలు, కొన్నిటిలో తెల్లగా మెరిసే పలుకులు. నల్లరాయి అంటే చల్లారిన లావా అని స్కూల్లో చదివాను, మరి లావా మధ్యలోకి మట్టి ఎట్లా దూరింది? సిరొంచలో మా అక్కావాళ్ళ దగ్గర రాయి పొరలు పొరలుగా ఊడుతుంది, రుద్దితే ఇసుక రాలుతుంది. ఇంత తేడా ఎందుకు? ఎర్రమట్టి తగిలితే నీళ్ళు పడవని పక్క చేను కాక అంటున్నాడు, టెన్షన్‌గా ఉంది.

భూగర్భం చదివినోణ్ని, ఆదిలాబాద్:
తమ్ముడూ, రింగులు వేయకముందే ఆ బావి గోడను ఫోటో తీసి పెట్టుకో. దక్కన్ మీద దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ కింద నేల పగుళ్ళలోంచి లావా పారింది, ఆగింది, మళ్ళీ పారింది, ఇట్లా ఎన్నోసార్లు. నడుమ ఆగిన కాలంలో పైరాయి ఎండకూ వానకూ చివికి మట్టయింది, అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది, దాని మీదికి తర్వాతి లావా వచ్చి కాల్చింది. నీ పట్టె అదే. కన్నాలంటావా, లావాలోని ఆవిరి, వాయువులు పైకి తేలతాయి, పెనం మీద దోసెకు పైన కన్నాలు పడ్డట్టే. అంటే నువ్వు ఎర్రపట్టె దాటి పాత లావా నెత్తి మీద నిలబడ్డావు. తర్వాత నీళ్ళు ఇంకి ఆ కన్నాల్లో ఖనిజాలు పేరుకున్నాయి. నల్లరాయి, అదే బసాల్ట్, బయట త్వరగా చల్లారింది కాబట్టి రేణువులు కంటికి కనపడవు. గ్రానైట్ కూడా అగ్నిశిలే, కానీ లోతున నెమ్మదిగా చల్లారడంతో పలుకులు పెద్దవి.

ప్రాణహిత ఒడ్డు, సిరొంచ:
మా రాయి గురించి నేను చెప్తాను తమ్ముడూ. మాది ఇసుకరాయి, నది మోసుకొచ్చిన ఇసుక ఏళ్ళకేళ్ళు పేరుకుని, పై బరువుకు నొక్కుకుపోయి, నీళ్ళలోని సున్నం, ఇనుము, సిలికా జిగురులాగా పట్టుకుంటే రాయయింది. అందుకే పొరలు. ఒకప్పటి ప్రాణుల ఆనవాళ్ళు ఎక్కువగా దొరికేది ఇలాంటి అవక్షేప శిలల్లోనే. మా తాలూకాలోని వడధామ్‌లో రాయిగా మారిన చెట్ల మొద్దులున్నాయి, పిల్లల్ని తప్పకుండా తీసుకురా. ఈ ప్రాణహిత-గోదావరి లోయలోనే బారపాసారస్ అనే రాకాసిబల్లి ఎముకలు దొరికాయి, ఆ అస్థిపంజరం ఇప్పుడు కోల్‌కతాలో ఉంది. మన నేలలో దొరికింది మన పిల్లలకు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

బొగ్గుబావి, వణి:
మా దగ్గర రెండూ ఒకదాని మీద ఒకటి ఉంటాయి. బొగ్గు, ఇసుకరాయి, షేల్ (బురద గట్టిపడి అయిన పలకరాయి) పాతవి, వాటి మీద కొన్నిచోట్ల లావా దుప్పటిలా కప్పింది. డ్రిల్లు నల్లరాయి దాటి ఇసుకరాయిలోకి దిగగానే చప్పుడే మారిపోతుంది.

పెన్‌గంగ రైతు, కిన్వట్:
అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. తెల్లపలుకులు పొడిచేసి నిమ్మరసం పోశాను, ఒకదానికి సన్నగా నురగ వచ్చింది, మిగతావాటికి రాలేదు. ఇంతకీ నీళ్ళ సంగతి?

భూగర్భం చదివినోణ్ని, ఆదిలాబాద్:
నురగ వచ్చింది కాల్సైట్, అంటే సున్నపు ఖనిజం. రానిదాంతో గాజుముక్క మీద గీసి చూడు, గీత పడితే పలుగురాయి కావచ్చు, పడకపోతే జియోలైట్, అంటే లావారాయి కన్నాల్లో పేరుకునే ఇంకో రకం ఖనిజం, అయ్యే అవకాశం ఎక్కువ. ఇక నీళ్ళు. గట్టి నల్లరాయిలో పగుళ్ళుంటేనే ఊట. ఎర్రపట్టె బంకమన్నులాంటిది, నీళ్ళను కిందికి దిగనివ్వదు, కాక మాట అంతవరకు నిజమే. కానీ దాని కింద చివికిన కన్నాలరాయి ఉంటే, కన్నాలు పూర్తిగా పూడకుండా పగుళ్ళు కూడా ఉంటే, ఊట దొరికేది తరచుగా అక్కడే. అక్కడ ఆపకు, ఇంకొన్ని అడుగులు చూడు. ఎర్రపట్టె తడిస్తే నాని జారుతుంది, మనుషులు కింద పని చేస్తున్నారు కాబట్టి ముందు అక్కడ గోడ కట్టించి, ఆ తర్వాతే దిగండి.