‘ఇన్న అక్రమకుమ్ ఇందల్లాహి అత్ఖాకుమ్’: ఈ మాట ఎవరితో అన్నది?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి): అన్నా, మా దగ్గర సంబంధం మాట్లాడాలంటే ముందు ఖాందాన్ (వంశం) అడుగుతారు. మొన్న జుమా బయాన్‌లో (శుక్రవారం ప్రసంగంలో) ఈ ఆయత్ (ఖురాన్ వాక్యం) విన్నాను. మీలో ఎక్కువ భయభక్తులు ఉన్నవారే అల్లాహ్ దగ్గర ఎక్కువ గౌరవనీయులు అని అర్థం చెప్పారు. ఇది ముస్లింల వరకేనా?

జవాబు (నల్గొండ): కాదు తమ్ముడూ. ఇది ఖురాన్‌లోని సూరా (అధ్యాయం) హుజురాత్‌లో 13వ ఆయత్. దీనికి ముందున్న రెండూ ‘విశ్వాసులారా’ అని పిలుస్తాయి. ఎగతాళి చేయొద్దు, వంక పేర్లు పెట్టొద్దు, అనుమానాలు వద్దు, వెనక చాడీలు వద్దు అంటాయి. 13కు రాగానే పిలుపు ‘మానవులారా’ అని మారుతుంది. మిమ్మల్ని ఒక మగ, ఒక ఆడ నుంచి పుట్టించాం, జాతులుగా తెగలుగా చేసింది ఒకరినొకరు తెలుసుకోవడానికి అంటుంది. ఆ తర్వాతే గౌరవం మాట. ఎగతాళి ఎక్కడ పుడుతుందో, ఆ పుట్టుక గర్వాన్నే కొట్టేసింది. ఇలా ఒకరినొకరు తెలుసుకోవడం మన ఉమ్మడి నల్గొండ జిల్లాకు కొత్త కాదు. జాన్‌పహాడ్ దర్గాను నమ్మే హిందూ ఇళ్లలో సైదులు, సైదమ్మ అని పేర్లు పెట్టుకుంటారు కదా.

అన్నిటికన్నా ‘ఇందల్లాహి’ దగ్గర ఆగి చదవాలి. అల్లాహ్ దగ్గర అని. అంటే ఎవరి భక్తి ఎంతో కొలిచే పని మనకు ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే నమాజు చదివేవాళ్లంతా ఇంకో కొత్త ఖాందాన్ అయిపోయేవాళ్లు! 53వ సూరా 32వ ఆయత్ ఇంకా సూటిగా చెప్తుంది: మేం పవిత్రులం అని చెప్పుకోకండి, భక్తి ఎవరికి ఉందో ఆయనకే బాగా తెలుసు.

ప్రశ్న (మహబూబ్‌నగర్ నుంచి): కొలవొద్దంటే సరే భాయ్. మరి మనిషి ఎట్లా బతకాలో కూడా చెప్పాలి కదా?

జవాబు (నల్గొండ): చెప్పింది అక్కా. సూరా బఖరా 177 చదవండి. ముఖం తూర్పుకో పడమరకో తిప్పడమే పుణ్యం కాదు అని మొదలవుతుంది. విశ్వాసం తర్వాత, నమాజు కన్నా ముందే, ఇవ్వడం వస్తుంది. డబ్బు మీద ప్రేమ ఉన్నా బంధువులకు, అనాథలకు, పేదలకు, బాటసారులకు, అడిగినవాళ్లకు ఇవ్వాలి, బానిసల విడుదలకు ఖర్చు పెట్టాలి. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం, కష్టంలో ఓర్పు కూడా ఆ వరుసలోనే ఉన్నాయి. అడిగినవాడి మతం ఏంటని అందులో లేదు. జకాత్ (తప్పనిసరి దానం) ప్రస్తావన మళ్లీ విడిగా వస్తుంది. కాబట్టి పొదుపు మీద 2.5 శాతం లెక్కగట్టి ఇచ్చేసినంత మాత్రాన, గుమ్మం ముందుకొచ్చి అడిగేవాడి పట్ల మన బాధ్యత తీరిపోదు.