14 నిమిషాల షార్ట్ ఫిల్మ్, మాటల్లేవు. యూట్యూబ్‌లో పెట్టేయాలా, ఫెస్టివల్‌కి పంపాలా?

ఖమ్మం_కెమెరా:
అందరికీ నమస్తే. మా మిర్చి యార్డులో ఒక్క రాత్రి జరిగేదాన్ని షార్ట్‌గా తీశాను. డైలాగులు లేవు, బస్తాలు పడే చప్పుడు, కాంటా దగ్గర అరుపులు, ఘాటుకి హమాలీల దగ్గు, అంతే. ఓ యూట్యూబ్ ఛానల్ వాళ్లు వెంటనే ఇవ్వమంటున్నారు. ఫ్రాన్స్‌లో క్లెర్మాఁ-ఫెరాఁ ఫెస్టివల్‌కి పంపమని ఎడిటింగ్ చేసిన ఫ్రెండ్ పట్టుబడుతున్నాడు. ఇలాంటి సినిమాని అక్కడ ఎవరైనా చూస్తారా? టెన్షన్‌గా ఉంది, చెప్పండి.

లియోన్‌లో_తెలుగోడు:
చూస్తారు తమ్ముడూ. నేను రెండుసార్లు వెళ్లాను. జనవరి చివర్లో మొదలై ఫిబ్రవరిలోకి వెళ్తుంది. ఆ చలిలో పెద్దవాళ్లు, బడిపిల్లలు, అందరూ క్యూలో నిలబడి షార్ట్ ఫిల్మ్‌ల కోసం వస్తారు, వాళ్లందరూ సినిమావాళ్లు కాదు, మామూలు ఊరి జనం. టికెట్లు లక్షన్నరకు పైగా తెగుతాయి, ఆ ఊరి జనాభా కూడా దాదాపు అంతే. 1982 నుంచి పోటీ నడుస్తోంది. నీకు ముఖ్యమైనది ఇంటర్నేషనల్ పోటీ ఒక్కటే కాదు, ల్యాబ్ అని ఇంకోటి ఉంది, కథ చెప్పే పద్ధతే కొత్తగా ఉన్నవాటికి. శబ్దాలతోనే నడిచే సినిమా అంటే నాకు వెంటనే అదే గుర్తొచ్చింది. పక్కనే 1986 నుంచి షార్ట్‌ల మార్కెట్ కూడా జరుగుతోంది, టీవీ ఛానళ్ల వాళ్లు కొనడానికి వస్తారు. జర్మనీలో ఓబర్‌హౌజెన్ షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ కూడా చూడు, 1954లో బొగ్గు, ఉక్కు పనివాళ్ల ఊళ్లో మొదలైంది, కొత్త ప్రయోగాలకు అక్కడ చాలా విలువ.

సౌండ్_శీను:
యూట్యూబ్‌లో ఇప్పుడే పెట్టకు బ్రో. ఒకసారి బయటికొచ్చాక వెనక్కి తీసుకోలేం. బెర్లిన్ లాంటి ఫెస్టివల్స్ ప్రీమియర్ అడుగుతాయి, అంటే మొదటి ప్రదర్శన తమ దగ్గరే కావాలంటాయి. ఇంకోటి, నెలనెలా అవార్డులిచ్చే ఆన్‌లైన్ ఫెస్టివల్స్‌కి డబ్బు కట్టకు. ఒక్కో కేటగిరీకి ఫీజు తీసుకుని పోస్టర్ మీద వేసుకోవడానికి అవార్డు వచ్చినట్టు ఆకుల గుర్తు ఇస్తారు, హాల్లో ఒక్కరు కూడా చూడరు. నేను అలా పోగొట్టుకున్న డబ్బుతో ఒక మంచి మిక్సింగ్ అయ్యేది. మాటల్లేవన్నావు, కానీ కాంటా దగ్గర అరుపులకి సబ్‌టైటిల్స్ వేయాల్సిందే, ఆ అంకెలు అర్థం కాకపోతే రైతు ముఖం ఎందుకు మారిందో ఫ్రెంచివాడికి తెలియదు. వెనకాల సినిమా పాటలేమైనా వినిపిస్తున్నాయా?

పాలేరు_అక్క:
పంపు, కానీ ఫ్రాన్స్ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోకు. తిరువనంతపురంలో కేరళ చలచిత్ర అకాడమీ 2008 నుంచి డాక్యుమెంటరీలకి, షార్ట్‌లకి అంతర్జాతీయ ఫెస్టివల్ నడుపుతోంది, రైల్లో వెళ్లి రావచ్చు, సినిమా అయ్యాక బయట టీ తాగుతూ నీతో వాదించే జనం దొరుకుతారు. మన పక్క భాషే చూడు, 2024లో ఫ్రాన్స్‌లోని కాన్ ఫెస్టివల్‌లో విద్యార్థుల విభాగం మొదటి బహుమతి చిదానంద నాయక్ తీసిన కన్నడ షార్ట్‌కి వచ్చింది, అది పదహారు నిమిషాలే. అన్నిటికన్నా ముందు ఆ హమాలీలకి ఒక సాయంత్రం చూపించు తమ్ముడూ. వాళ్ల దగ్గుని నువ్వు ప్రపంచానికి వినిపించబోతున్నావు, వాళ్లకి తెలియాలి కదా.

ఖమ్మం_కెమెరా:
అక్కా, ఆదివారం యార్డుకి సెలవు, ఆ రోజే తెర కట్టి చూపిస్తాను. శీనన్నా, ఆరో నిమిషంలో టీ కొట్టు రేడియోలో పాత పాట వస్తుంది. హక్కులు కొనేంత డబ్బు లేదు.

సౌండ్_శీను:
అయితే తీసెయ్. మళ్లీ వెళ్లి అదే టీ కొట్టు దగ్గర అర్ధరాత్రి స్టవ్ చప్పుడు, గ్లాసులు కడిగే చప్పుడు రికార్డ్ చేసుకురా. ఫైల్స్ పంపు, మిక్స్ నేను చేస్తాను.