రోటోరువా సరస్సుల అడవుల్లో వేడినీటి బుగ్గలు: పెద్దవాళ్ళతో వెళ్ళివచ్చినవారి అనుభవాలు

మల్కాజిగిరి_వాసి:
అందరికీ నమస్కారం. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో ఉంటున్న మా చెల్లెలి ఇంటికి జూలైలో అమ్మానాన్నలతో కలిసి వెళ్తున్నాము. అక్కడికి సుమారు 230 కిలోమీటర్ల దూరంలో ఉన్న రోటోరువాకు కారులో వెళ్ళి, సరస్సుల చుట్టూ అడవుల్లో ఉన్న వేడినీటి బుగ్గలను చూడాలని, వీలైతే స్నానం కూడా చేయాలని మా ఉద్దేశం. నాన్నగారికి బీపీ ఉంది, అమ్మకు మోకాళ్ళ నొప్పులు. బదరీనాథ్ తప్తకుండంలో మునిగిన అమ్మ, అక్కడ కూడా మూడు మునకలు వేయాలని ఆశపడుతోంది. పెద్దవాళ్ళకు అనువైన చోట్లు ఏవో దయచేసి చెప్పండి.

తార్నాక_బాటసారి:
జూలై అక్కడ నడి చలికాలం కాబట్టి మంచి సమయమే ఎంచుకున్నారు. అయితే కనిపించిన ప్రతి బుగ్గా స్నానానికి పనికిరాదని ముందే ఇంట్లో అందరికీ చెప్పండి. రోటోరువా దగ్గరి వైయోటాపులో ఉన్న షాంపేన్ పూల్ అనే వేడినీటి కొలను పైభాగంలోనే నీళ్ళు సుమారు 74 డిగ్రీల వేడి ఉంటాయి. 1886 జూన్ 10న తరవేరా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఏర్పడిన వైమాంగు లోయలోని ఫ్రైయింగ్ పాన్ సరస్సు కూడా దూరం నుంచి చూడవలసినదే. కాలిబాట దాటి ఒక్క అడుగు కూడా పక్కకు వేయకూడదు, ఎందుకంటే పైకి గట్టిగా కనిపించే నేల కింద మరిగే బురద ఉండవచ్చు.

స్నానానికి మీ అమ్మగారి వంటివారికి వైకీటె లోయలో కట్టిన కొలనులు నయం. అక్కడ మరుగుతూ వచ్చే ఊట నీటిని చల్లార్చి కొలనుల్లోకి వదులుతారు. ఊరికి దక్షిణంగా అడవిలో పారే కెరోసిన్ క్రీక్ అందమైనదే, వాగు వాగంతా వెచ్చగా ఉంటుంది, చిన్న జలపాతం కింద కూర్చోవచ్చు. కానీ రాళ్ళు పాచిపట్టి జారుతాయి కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవారిని అక్కడికి తీసుకువెళ్ళమని నేను చెప్పను. వెళ్తే మాత్రం పాస్‌పోర్టులు, సంచులు కారులో వదలకండి.

రామంతాపూర్_డాక్టర్:
మునకల విషయం నేను గట్టిగా చెప్పదలచుకున్నాను: దయచేసి వద్దు. వెచ్చని మంచినీటిలోనూ మట్టిలోనూ బతికే నేగ్లేరియా ఫౌలెరి అనే అమీబా ముక్కులోకి నీళ్ళు వెళ్ళినప్పుడు అక్కడి నుంచి మెదడుకు చేరుతుంది. జబ్బు చాలా అరుదే, కానీ సోకినవారిలో బతికి బయటపడేవారు బహు కొద్దిమంది. ఈమధ్య కేరళలో వచ్చిన అమీబా మెదడువాపు కేసుల గురించి మీరు వినే ఉంటారు. తల నీళ్ళలో పెట్టవద్దనే హెచ్చరిక న్యూజిలాండ్ బుగ్గల దగ్గర బోర్డుల మీద కూడా కనిపిస్తుంది.

నాన్నగారు పది, పదిహేను నిమిషాలకు మించి నీళ్ళలో ఉండకుండా చూడండి. వేడికి రక్తనాళాలు వ్యాకోచించి బీపీ పడిపోతుంది, లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. నాలుగు గోడల మధ్య ఉండే స్నానపు గది తీసుకుంటే కిటికీలు తెరిచే ఉంచాలి; హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువైనది కనుక నీటి మట్టం దగ్గరే పేరుకుంటుంది, మోతాదు పెరిగాక ముక్కుకు దాని వాసన కూడా తెలియదు.

నల్లకుంట_గృహిణి:
అమ్మగారి మెట్టెలు, పట్టీలు చెల్లెలి ఇంట్లోనే పెట్టి వెళ్ళండి. ఆ ఊరి గాలిలోని గంధకం వల్ల నా మెట్టెలకు మొదట పసుపు ఛాయ వచ్చి, తరువాత గోధుమరంగుకు మారి, చివరకు నల్లబడ్డాయి. పనితనంతో చెక్కిన సన్నని గీతల్లో ఆ నలుపు ఇంకా ఎక్కువగా పట్టింది. గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, వంటసోడా కలిపిన మరిగే నీళ్ళు పోసి, వెండి ఆ రేకుకు తగిలేలా ఉంచితే చాలావరకు వదిలింది. మరొక మాట: ఫాకరెవరెవా గ్రామంలో అక్కడి మూలవాసులైన మావోరీలు మరిగే బుగ్గలో ఉడికించిన మొక్కజొన్న కంకులు అమ్ముతారు. శాకాహారులకు అది మంచి ఆహారం, రుచి కూడా చాలా బాగుంటుంది.

మల్కాజిగిరి_వాసి:
డాక్టరుగారూ, చాలా కృతజ్ఞతలు. మునక వద్దంటే అమ్మ మనసు చిన్నబుచ్చుకుంటుంది. పుణ్యస్నానం అన్న తృప్తి కలిగే వేరే మార్గం ఏదైనా ఉందా?

రామంతాపూర్_డాక్టర్:
మెడ వరకు నీళ్ళలో కూర్చుని, దోసిలితో భుజాల మీద పోసుకుంటూ సంకల్పం చెప్పుకోమనండి. తలస్నానం బసకు వచ్చాక కుళాయి నీళ్ళతో చేయవచ్చు.

ఉప్పల్_రైతుబిడ్డ:
బోరుబావులు ఎండిపోవడం చూసిన మన నగరవాసులు రోటోరువాలో తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఇళ్ళకూ హోటళ్ళకూ వేడినీళ్ళు తోడే బోర్లు పెరిగిపోయి, నేలలోంచి వేడినీళ్ళు ఎగజిమ్మే బుగ్గలైన గీజర్లు నీరసించినప్పుడు, 1980ల చివర్లో అక్కడి ప్రభుత్వం పోహుటు గీజర్‌కు 1.5 కిలోమీటర్ల లోపల ఉన్న బోర్లను మూయించింది. ప్రజల నుంచి ఎంత వ్యతిరేకత వచ్చినా వెనక్కి తగ్గలేదు, తరువాత భూమిలో నీటి మట్టం పుంజుకుంది. ఇప్పుడు పోహుటు 30 మీటర్ల ఎత్తు వరకు చిమ్ముతుంది.

తార్నాక_బాటసారి:
మంచి మాట చెప్పారు. మల్కాజిగిరివారూ, మీరూ చెల్లెలుగారూ ఒక రోజు విడిగా వెళ్ళగలిగితే తరవేరా సరస్సు ఒడ్డున అడవిలో సాగే 15 కిలోమీటర్ల కాలిబాటను వదులుకోకండి. అది వేడినీటి ఒడ్డు దగ్గర ముగుస్తుంది, తిరుగు ప్రయాణానికి పడవను ముందే మాట్లాడుకోవాలి. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుక తవ్వితే ఊరినట్టే అక్కడా ఒడ్డున ఇసుక కింద వేడినీళ్ళు ఊరుతాయి. కాలు పెట్టేముందు చేత్తో వేడి చూసుకోండి, కొన్నిచోట్ల బొబ్బలెక్కేంత వేడి ఉంటుంది.