యాక్టివిన్ 100 వేసినా ఎండోడెర్మ్ రావట్లేదు, ఎందుకు?

నెల్లూరు నుంచి ప్రశ్న: హ్యూమన్ ఈఎస్ కణాలు (పిండ మూలకణాలు). వాటిని ఎండోడెర్మ్‌గా, అంటే పిండం లోపలి పొరగా, మార్చడానికి యాక్టివిన్-ఎ అనే సంకేత ప్రొటీన్ మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల చొప్పున ఐదు రోజులు పెట్టాం. ఎండోడెర్మ్ గుర్తు సాక్స్17 స్టెయిన్ చేస్తే పదిలో ఒక్క కణం కూడా వెలగట్లేదు. మూలకణం గుర్తు ఆక్ట్4 మాత్రం అట్టానే ఉండాది. చెన్నై నుంచి యాక్టివిన్ పార్శిల్ వచ్చేసరికి ఐస్ మొత్తం కరిగిపోయింది. ప్రొటీన్ పోయినట్టేనా సార్?

ఒంగోలు నుంచి జవాబు: పొడిగా వచ్చిందా? అయితే ఐస్ మీద నింద వేయకండి, రెండు రోజులు బయటున్నా తట్టుకుంటుంది. మీడియం ఏంది, సీరం ఎంత, దేంట్లో కరిగించారు?

నెల్లూరు: పొడే సార్. ఆర్‌పీఎంఐ మీడియం, మొదటి రోజు నుంచీ 2 శాతం ఎఫ్‌బీఎస్ (దూడ పిండం సీరం). స్టెరైల్ నీళ్లలో కలిపాం.

ఒంగోలు: రెండు తప్పులు. పెద్దది సీరం. అందులోని ఇన్సులిన్, దానిలాంటి ఐజీఎఫ్‌లు కణంలో పీఐ3కే అనే సంకేత దారిని తెరిచి ఉంచుతాయి. ఆ దారి తెరిచి ఉంటే యాక్టివిన్ కణాన్ని మూలకణంగానే ఉంచుతుంది, అందుకే ఆక్ట్4 తగ్గలేదు. అది మూతపడితేనే అదే యాక్టివిన్ ఎండోడెర్మ్ వైపు తోస్తుంది. యాక్టివిన్ ఒక్కటే, పక్కనున్నోళ్లను బట్టి మాట మారుస్తుంది. డోసు పెంచి లాభం లేదు.

రెండోది నీళ్లు. బీఎస్‌ఏ (ఆవు ఆల్బుమిన్ ప్రొటీన్) లేకపోతే యాక్టివిన్ ట్యూబు గోడకే అంటుకుంటుంది. 10 మిల్లీలీటర్ల నీళ్లలో 1 నార్మల్ గాఢత హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరిక్ ఆమ్లం) 40 మైక్రోలీటర్లు, బీఎస్‌ఏ 10 మిల్లీగ్రాములు వేసి ఫిల్టర్ చేయండి. మూత తీసేముందు 10 మైక్రోగ్రాముల యాక్టివిన్ వయల్‌ను ఒక్క తిప్పు సెంట్రిఫ్యూజ్ చేయాలి. పొడి మూతకు అంటుకునుంటే కంటికి కనపడదు. ఆ ద్రావణం 100 మైక్రోలీటర్లు పోసి, గిలక్కొట్టకుండా పది నిమిషాలు వదిలేయండి. మిల్లీలీటరు మీడియానికి 1 మైక్రోలీటరు వేస్తే సరిగ్గా 100 నానోగ్రాములు. పదేసి మైక్రోలీటర్లుగా పంచి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టండి, ఒకసారి కరిగింది మళ్లీ గడ్డకట్టించొద్దు. కరెంటు కోతలకు భయపడాల్సింది ఈ ట్యూబులకే.

ఇక ప్లేటు. కణాలు 70, 80 శాతం నిండాక మొదలుపెట్టండి. పాత మీడియంలో ఇన్సులిన్ దండిగా ఉంటుంది గనక ఉత్త ఆర్‌పీఎంఐతో రెండుసార్లు కడగాలి. మొదటి రోజు సీరం లేకుండా యాక్టివిన్, దాంతో సీహెచ్‌ఐఆర్99021 అనే మందు 3 మైక్రోమోలార్. ఇది జీఎస్‌కే3 అనే ఎంజైమ్‌ను ఆపి వింట్ అనే సంకేత ప్రొటీన్ చేసే పనే చేస్తుంది, 24 గంటలకు తీసేయండి. వదిలేస్తే కణాలు మీసోడెర్మ్ (పిండం మధ్య పొర) వైపు జారతాయి. రెండో, మూడో రోజుల్లో యాక్టివిన్, 0.2 శాతం సీరం. తొలిరోజు కొన్ని కణాలు తేలతాయి, కంగారొద్దు. 24 గంటలప్పుడు బ్రాకీయూరీ (దారి మొదలైందని చెప్పే తొలి గుర్తు) చూడండి. అది రాకుంటే సాక్స్17 కోసం మూడో రోజుదాకా ఆగడం దండగ. పోల్చి చూడడానికి యాక్టివిన్ వేయని వెల్ (ప్లేటులో ఒక గుంట) ఒకటి తప్పనిసరి.

కావలి నుంచి: మౌస్ కణాలకూ ఇట్టానేనా సార్?

ఒంగోలు: కాదమ్మా. వాటిని మూలకణాలుగా నిలిపేది ఎల్‌ఐఎఫ్, బీఎంపీ4 అనే సంకేత ప్రొటీన్లు. ముందు ఎల్‌ఐఎఫ్ పూర్తిగా కడిగేయాలి. మనిషి కణాలకు మాత్రం బీఎంపీ4 విడిగా ఇవ్వకండి, ట్రోఫోబ్లాస్ట్ (మాయను తయారుచేసే కణాలు) లాంటివైపు పోతాయి.