గొరక చెవి రాయి అంత పెద్దది, కానాగంతది అంత చిన్నది: ఎందుకు? ఎలా కొలవాలి?

తీరం_విద్యార్థి అడిగిన ప్రశ్న

నమస్కారమండి. చేపల చెవి ఎముకల ఆకారం, సైజు మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు. విశాఖ ఫిషింగ్ హార్బరు నుంచి గొరక, కానాగంత, చేపల మార్కెట్టు నుంచి శీలావతి తీసుకున్నాను. మూడూ 20 సెం.మీ. దగ్గరవే. గొరక తలలో చింతగింజలాంటి మందమైన రాయి ఇట్టే దొరుకుతోంది. కానాగంతలో ఉన్నది పల్చటి రేకు, పట్టకారు తగిలితే దాని ముక్కులాంటి మొన విరుగుతోంది. శీలావతిలో అదే చోట వెతికితే సూదిలాంటి పుల్ల తప్ప ఏమీ కనబడలేదు.

ఒకే పొడవున్న చేపల్లో ఇంత తేడా ఎందుకు? శీలావతిలో దేన్ని కొలవాలి? ఆకారాన్ని అంకెల్లోకి ఎలా తేవాలి? ఒక సీసాలో గొరక, కానాగంతల ఎడమ, కుడి రాళ్లు కలిసిపోయాయి, అవి పనికొస్తాయా? ఇంకొన్ని తలలు ఫార్మలిన్‌లో ఉన్నాయి.

లోతునీరు

ముందు ఒక మాట. అవి ఎముకలు కావు. ఎముకలో ఉండేది కాల్షియం ఫాస్ఫేట్. చెవి రాయి, అంటే ఓటోలిత్, దాదాపు మొత్తం కాల్షియం కార్బనేట్, కొద్దిపాటి ప్రోటీను. ఎముకలా కరిగి మళ్లీ కట్టుకోదు, పొర మీద పొర చేరుతూ పోతుంది. అందుకే చేప జీవితమంతా అందులో నిలిచి ఉంటుంది.

గట్టి ఎముకల చేపలకు ఒక్కో చెవిలో మూడేసి రాళ్లు, మొత్తం ఆరు. లోపలి చెవిలోని మూడు సంచుల్లో ఒక్కోటి: యుట్రికిల్‌లో లాపిల్లస్, శాక్యూల్‌లో సాజిటా, లజీనాలో ఆస్టరిస్కస్. సముద్రపు చేపల్లో చాలావాటికి సాజిటాయే పెద్దది. మీరు గొరకలో, కానాగంతలో తీసింది అదే. శీలావతి, బొచ్చె లాంటి కార్ప్ కుటుంబంలో సాజిటా పుల్లలా సన్నబడిపోయి, ఆస్టరిస్కస్ పెద్దదవుతుంది. సముద్రపు జెల్లల్లో లాపిల్లస్ పెద్దది, బొద్దుగా బిళ్లలా ఉంటుంది. అంటే మీకు శీలావతిలో దొరికిన పుల్ల విరిగిన ముక్క కాదు, అసలు సాజిటాయే. అక్కడ కొలవాల్సింది ఆస్టరిస్కస్. తల వెనక భాగంలో, పుర్రె వెన్నుపూసను కలిసే చోటుకి దగ్గరగా వెతకండి, పల్చటి గుండ్రటి బిళ్లలా ఉంటుంది. కానీ దాన్ని గొరక సాజిటా పక్కన పెట్టి "ఏది పెద్దది" అని పోల్చవద్దు. రెండూ వేర్వేరు అవయవాల రాళ్లు. సంఘంలో ఇద్దరి ఇంటిపేర్లు కలిసినంత మాత్రాన అన్నదమ్ములు కానట్టే ఇదీ.

ఇక తేడా ఎందుకంటే, శబ్దం నీళ్లలోంచి వచ్చినప్పుడు చేప ఒళ్లు దాదాపు నీటితో పాటే కదులుతుంది. రాయి సాంద్రత నీటికి మూడు రెట్ల దగ్గర ఉంటుంది కాబట్టి అది వెనకబడుతుంది. ఆ వెనకబాటుకి కింద ఉన్న రోమకణాలు వంగి సంకేతం పంపుతాయి. గొరకలు తేలుతిత్తిని (చేపని నీళ్లలో తేల్చే గాలి సంచిని) కండరాలతో మోగించి శబ్దం చేసే జాతి, అడుగున మసక నీళ్లలో తిరిగేవి. వినికిడి మీద బతికే ఇలాంటి చేపల్లో పెద్ద సాజిటా తరచుగా కనిపిస్తుంది. గొరకల్లో ఒక ప్రజాతికి ఓటోలిథెస్ అనే పేరే పెట్టారు. పైనీళ్లలో వేగంగా ఈదే కానాగంత, ట్యూనా వంటి వాటిలో రాయి చిన్నది. కార్ప్‌లది మూడో దారి: తేలుతిత్తి నుంచి లోపలి చెవి దాకా నాలుగు చిన్న ఎముకల గొలుసు ఉంటుంది, వాటిని వెబేరియన్ ఎముకలంటారు. నిజంగా "చెవి ఎముకలు" అనదగ్గవి అవే. అయితే అలవాట్లతోనే అంతా తేలిపోదు, వంశం ప్రభావం కూడా గట్టిది. థీసిస్‌లో "ఇందువల్లే పెద్దది" అని ఒకే కారణం రాయకండి.

ల్యాబ్_బల్ల

కొలతల సంగతి నేను చెబుతాను. ఫార్మలిన్ తలల్ని ఇప్పుడే పక్కన పెట్టండి. ఫార్మలిన్ నిల్వ ఉన్నకొద్దీ ఆమ్లం పుడుతుంది, అది రాయి అంచుల్ని తినేస్తుంది. పొడవు తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, అంచు నునుపెక్కి ఆకారం లెక్కలు అబద్ధం చెబుతాయి. ఇకమీదట తలల్ని ఐసులో తెచ్చి ఫ్రీజరులో పెట్టండి, లేదా 95 శాతం ఆల్కహాలు వాడండి.

గొరకకైతే కింది నుంచి వెళ్లడం మేలు. మొప్ప మూత ఎత్తి, మొప్పలు తొలగిస్తే పుర్రె అడుగున రెండు ఉబ్బులు కనిపిస్తాయి. పల్చటి ఎముకను కత్తి మొనతో చిట్లిస్తే రాయి తెల్లగా బయటపడుతుంది. పైనుంచి చూస్తే తల చెక్కుచెదరదు, కాబట్టి చేప అమ్మేవాళ్లూ అభ్యంతరపెట్టరు. కానాగంతకి పైనుంచి రండి: కళ్లకి కాస్త పైన మొదలుపెట్టి మెడ వైపు అడ్డంగా కోసి, పుర్రె కప్పు డబ్బా మూతలా ఎత్తండి. మెదడుని మెల్లగా తప్పిస్తే దాని కింద, వెనకగా, రెండు పక్కలా రాళ్లుంటాయి. ముక్కు విరిగేది ఎక్కువగా పట్టకారుతో రాయినే పట్టి లాగినప్పుడు. సంచి పొరను పట్టి లాగండి, రాయి దానితోపాటు వస్తుంది. వెంటనే నీళ్లలో వేసి, తడిగా ఉండగానే సన్నటి కుంచెతో పొర తీసేయాలి. ఎండాక తీయబోతే పెళుసుగా విరుగుతుంది. గది వేడిమిలో కనీసం ఒక రోజంతా ఆరనిచ్చి, ఎడమ, కుడి వేర్వేరుగా చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో పొడిగా దాచండి. గొట్టం మీద చేప నంబరు, మొత్తం పొడవు, బరువు, తేదీ ఉండాలి.

కలిసిపోయిన సీసా పూర్తిగా పోయినట్టు కాదు. గాడి, అంటే సల్కస్ ఉన్న ముఖం చేప లోపలి వైపుది. కానాగంతలో ముందు అంచున రెండు మొనలుంటాయి. కింది పొడుగు మొన రోస్ట్రమ్, పైది పొట్టి మొన, మధ్యలో గంటు. గాడి మీకు కనబడేలా, పొట్టి మొన పైకి ఉండేలా పెట్టండి. రోస్ట్రమ్ కుడికి వస్తే అది ఎడమ చెవి రాయి, ఎడమకి వస్తే కుడి చెవిది. గొరకలో రోస్ట్రమ్ స్పష్టంగా ఉండదు. దాని గాడి తోకకప్పలా ఉంటుంది: వెడల్పు తల ముందు వైపు, తోక వంగేది కింది అంచు వైపు. దానితో దిక్కు పట్టుకోవచ్చు. కానీ ఏ రాయి ఏ చేపదో చెప్పలేరు కాబట్టి చేప పొడవుతో సంబంధం లెక్కకి ఆ సీసా వాడకూడదు.

ఫొటో: నల్లని నేపథ్యం, పక్కనుంచి వెలుతురు, గాడి ముఖం ఎప్పుడూ ఒకేలా, మాగ్నిఫికేషన్ మార్చకుండా. ప్రతి జాతికీ మొదట మైక్రోమీటరు స్కేలు ఫొటో తీయండి. కొలవడానికి ఇమేజ్‌జె అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, సరిపోతుంది. పొడవు, వెడల్పు, వైశాల్యం, చుట్టుకొలత తీయండి. బరువు 0.1 మి.గ్రా. చూపే తక్కెడలో తూయండి, కానాగంతకైతే 0.01 చూపేది కావాలి.

సూచికలు ఇలా. ఒక రాయి పొడవు 10 మి.మీ., వెడల్పు 6, వైశాల్యం 45 చ.మి.మీ., చుట్టుకొలత 27 మి.మీ. అనుకోండి. ఫారం ఫ్యాక్టర్ 4π×45÷27², అంటే 0.78. అంచు నున్నటి వృత్తమైతే 1 వస్తుంది, గంట్లు పెరిగేకొద్దీ తగ్గుతుంది. గుండ్రదనం 4×45÷(π×10²), అంటే 0.57. దీర్ఘచతురస్రత 45÷60, అంటే 0.75. ఎలిప్టిసిటీ (10−6)÷(10+6), అంటే 0.25. వీటిలో నమ్మకం తక్కువగా పెట్టుకోవాల్సింది చుట్టుకొలత మీద. ఫొటో ఎంత స్పష్టంగా ఉంటే అంచు మెలికలు అన్ని పట్టుకుంటాయి, చుట్టుకొలత పెరుగుతుంది, ఫారం ఫ్యాక్టర్ పడిపోతుంది. రెండు మాగ్నిఫికేషన్లలో తీసినవాటిని ఒకే పట్టికలో కలిపితే జాతుల తేడా కాదు, కెమెరా తేడా దొరుకుతుంది.

తీరం_విద్యార్థి

ధన్యవాదాలండి, ఆస్టరిస్కస్ దొరికింది. ఇంకో సందేహం: పెద్ద గొరకల రాయి చిన్న గొరకల రాయి కంటే కాస్త పొడవాటి ఆకారంలో కనిపిస్తోంది. రెండు చోట్ల చేపల్ని పోల్చేటప్పుడు ఇది ఎలా సర్దాలి?

అంకెల_వల

ఆకారం చేపతోపాటు మారడం మామూలే. సర్దకుండా పోలిస్తే "రెండు చోట్ల ఆకారం వేరు" అనేది "రెండు చోట్ల వల కన్ను వేరు, అందుకే పడిన చేపల సైజు వేరు" అన్నంతే. రెండింటికీ లాగరిథమ్ తీసి (లాగ్-లాగ్‌లో) ప్రతి కొలతకీ చేప పొడవుతో రిగ్రెషన్, అంటే సరిపోయే గీత, వేసి దాని వాలు b తీయండి. ఆపై సర్దిన కొలత = అసలు కొలత × (సగటు చేప పొడవు ÷ ఆ చేప పొడవు) ఘాతం b. దానికంటే ముందు రెండు చోట్లా వాలు ఒకటేనా అని ఆంకోవా అనే గణాంక పరీక్షతో చూడాలి. వాలులే వేరైతే ఒకే b వాడటం తప్పు, రెండు చోట్లా ఒకే సైజు చేపల్ని మాత్రమే తీసుకుని పోల్చండి. b విలువ 5 సెం.మీ. పరిధిలో ఉన్న చేపలతో నిలకడగా రాదు, దొరికినంత చిన్నవి, పెద్దవి చేర్చండి.

సూచికలు సరిపోకపోతే మొత్తం అంచునే ఎలిప్టిక్ ఫోరియర్‌తో, అంటే అంచు గీతని అంకెల గుణకాలుగా మార్చే పద్ధతితో, తీసుకోండి. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో షేప్‌ఆర్ ప్యాకేజీ ఫొటో నుంచి అంచు పట్టి గుణకాలు ఇస్తుంది. విరిగిన ముక్కు ఉన్న ఫొటో ఒక్కటి కూడా లోపలికి పోనివ్వకండి. కుడి రాయి వాడాల్సి వస్తే ఫొటోని అద్దంలోలా తిప్పాలి, అదీ ఎడమ కుడి జతల మధ్య తేడా లేదని జత టీ-పరీక్షలో తేలాకే. గాజులా పారదర్శకంగా ఉన్న సాజిటాలు ఎదురైతే తీసేయండి. వాటిలో కాల్షియం కార్బనేట్ మామూలు అరగొనైట్ స్ఫటిక రూపంలో కాక వాటరైట్ రూపంలో ఉంటుంది, అది తేలిక, ఆకారమూ వంకరగా వస్తుంది.

బరువుని చిన్నచూపు చూడకండి. చేప పొడవు పెరగడం నెమ్మదించాక కూడా రాయి మందం పెరుగుతూనే ఉంటుంది. ఒకే పొడవున్న రెండు గొరకల్లో రాయి బరువైనది సాధారణంగా నెమ్మదిగా పెరిగిన, వయసు మీరిన చేప. రాయిలోని వలయాలు లెక్కబెట్టి వయసు చదవాలనుకుంటే మాత్రం మన వెచ్చటి నీళ్లలో ఏడాదికో వలయం అని ముందే అనుకోవద్దు. 12 నెలలపాటు అంచు వలయం (చివరి వలయం నుంచి రాయి అంచు దాకా) వెడల్పు కొలిచి, ఏడాదిలో ఒక్కసారే కనిష్ఠానికి పడుతుందని చూపాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంటుంది కాబట్టి ట్రాలర్ల చేప రాదు. ఆ రెండు నెలల నమూనాలకి మోటారు లేని నాటు పడవల వాళ్లతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. కనిష్ఠం ఆ ఖాళీలోనే పడితే ఏడాది శ్రమంతా మళ్లీ చేయాల్సి వస్తుంది.