దింపుడు కళ్లమా, కళ్లెమా, కల్లమా?

పలకబలపం: వేర్వేరు సమాజాల్లో అంత్యక్రియలు ఎలా జరుగుతాయో పది పన్నెండేళ్ల పిల్లలకు చెప్పే వ్యాసం ఒకటి రాస్తున్నాను. ఇక లేదని తెలిసీ పెట్టుకునే చివరి ఆశను చెప్పే "దింపుడు కళ్లం ఆశ" దగ్గర కలం ఆగింది. పత్రికల్లో కళ్లం, కల్లం, కళ్లెం మూడూ కనిపిస్తున్నాయి. ఏది రాయాలి? జాషువా శ్మశాన పద్యం కూడా ఒకటి నాలుక మీద ఆడుతోంది. "లేచి రాడక్కటా" తరవాత రెండు పాదాలకు వచ్చే చివరి పాదంలో "కన్నీటంబడి" తరవాత కరిగిపోయినవా, క్రాగిపోయినవా?

నిఘంటుప్రియ: కళ్లం. ధాన్యం నూర్చే కళ్లమే ఇది. తమిళంలో 'కళం' అంటే నూర్పిడి జాగా, యుద్ధభూమి రెండూ. మన దగ్గర యుద్ధభూమి 'కలను' అయింది, నూర్పిడి జాగా 'కళ్లం' అయింది. చదును చేసిన ఖాళీ నేల అన్నదే మూలార్థం. పాడెను దింపే నేల కాబట్టి దింపుడు కళ్లం.

గుర్రపుడెక్క: అంత తేలిగ్గా తేల్చకండి. కఠోపనిషత్తులో శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, మనసు కళ్లెం. రథికుడు దిగిపోయాక కళ్లెం దించేస్తారు. జనం నోట కళ్లెం అన్న రూపం ఊరికే నిలబడలేదు.

తాటాకు: కళ్లేన్ని బిగిస్తాం, వదులుతాం, ఊడదీస్తాం. 'దించం' కదండీ. దించేది బరువును. తంతు చూస్తే మాట అదే తెలుస్తుంది. పచ్చి వెదురు బొంగులు రెండు పొడుగ్గా పెట్టి, అడ్డబద్దలు వేసి తాడుతో బిగిస్తారు. ఎండు వెదురైతే బరువుకు చిట్లుతుంది. నలుగురు ఎత్తుతారు. ఇంటికీ కాటికీ మధ్య ఒక చోట దింపి, కొడుకో దగ్గరి బంధువో చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలుస్తారు. పలకకపోతే మళ్లీ ఎత్తుతారు. మోసేవాళ్లు భుజాలు మార్చుకునేదీ అక్కడే. అలుపు తీర్చుకునే మజిలీ ముందు పుట్టి, పిలుపు తరవాత వచ్చి చేరిందని నా నమ్మకం.

అరసున్న: పిలుపు తరవాత చేరిందంటే ఒప్పుకోను. పితృమేధ ప్రయోగాల్లో, అంటే వైదిక అంత్యక్రియల విధానాల్లో, దారిని భాగాలు చేసి, శవాన్ని దింపి, అపసవ్యంగా మూడు చుట్లు తిరగడం ఉంది. అది అలుపు కోసం కాదు. ఇక మాట సంగతి: 'కల్ల' అంటే అబద్ధం. పలకరని తెలిసీ పిలిచే పిలుపు కాబట్టి దింపుడు కల్ల ఆశ. అదే కల్లం అయింది.

నిఘంటుప్రియ: మరి చివరి సున్న ఎక్కడిదండీ? 'కల్ల ఆశ' పలుకుబడిలో 'కల్లాశ' కావాలి. ఆశ అన్న మాట లేకుండా "శవం దింపుడు కళ్లం దాటింది" అని కూడా అంటారు. అక్కడ అబద్ధానికి చోటేది?

రెండోపాదం: పిల్లల వ్యాసానికి ఈ పిలుపే అసలైన సరుకు. చైనా ప్రాచీన ఆచార గ్రంథాల్లో ప్రాణం పోగానే ఒకరు ఆ మనిషి బట్ట పట్టుకుని ఇంటికప్పు ఎక్కుతారు. నడికొప్పు మీద ఉత్తరానికి తిరిగి మూడుసార్లు తిరిగి రమ్మని పిలుస్తారు. మగవాళ్లను పుట్టినప్పటి పేరుతో, ఆడవాళ్లను పెద్దయ్యాక పెట్టిన పేరుతో పిలవాలి. ఆ బట్టను కిందికి వేస్తే బుట్టలో పట్టి శవం మీద కప్పుతారు. అప్పటికీ లేవకపోతేనే మిగతా క్రియలు మొదలు. రోమన్లు వేడినీళ్లతో కడిగి, మధ్యమధ్య ఆగి పేరుపెట్టి పిలిచేవారు. దాన్ని కొంక్లమాతియో అంటారు. అందులోంచి లాటిన్‌లో ఒక జాతీయం పుట్టింది. "పిలవడం అయిపోయింది" అంటే ఇక ఆశ లేదని. రోమన్ నాటకకర్త టెరెన్స్ నాటకంలోనే ఉంది. అదే పిలుపులోంచి వాళ్లు నిరాశను తీసుకున్నారు, మనం ఆశను తీసుకున్నాం. ఈ ముక్క వ్యాసంలో తప్పకుండా పెట్టండి.

తాటాకు: పార్శీల 'సగ్‌దీద్' కూడా చేర్చండి. శవాన్ని కుక్కకు చూపిస్తారు. కళ్లపైన రెండు మచ్చలున్న 'నాలుగు కళ్ల' కుక్క శ్రేష్ఠం. ప్రాణం పోయిందో లేదో కుక్క పసిగడుతుందని ఒక వివరణ. ఋగ్వేదం పదో మండలంలో యముడి కుక్కలూ 'చతురక్షౌ', అంటే నాలుగు కళ్లవే. ఆ తరవాత దఖ్మాలో, అంటే రాబందులు తినేందుకు శవాలను వదిలే గుండ్రటి కట్టడంలో, శవాన్ని ఉంచుతారు. బయటి వలయం మగవాళ్లకు, మధ్యది ఆడవాళ్లకు, లోపలిది పిల్లలకు. పశువులకు వాడే డైక్లోఫెనాక్ మందు వల్ల రాబందులు చచ్చిపోయాయి. 2006లో ఆ వాడకాన్ని నిషేధించినా పక్షులు అంత త్వరగా పెరగవు కదా. అందుకే ముంబయి దఖ్మాల్లో ఎండను కేంద్రీకరించే అద్దాలు పెట్టాల్సి వచ్చింది.

కాటిసీను: అందరూ పద్యాన్ని వదిలేశారు! క్రాగిపోయినవే. పాదం ఇది: "కన్నీటంబడి క్రాగిపోయినవి నిక్కంబిందు పాషాణముల్". అది శార్దూలం. గణాలు మ స జ స త త గ. ఆరో అక్షరం గురువు కావాలి. 'క్రా' గురువు, 'గి' లఘువు, సరిగ్గా కూర్చుంటాయి. 'కరిగి' అంటే మూడు లఘువులు, పాదంలో ఒక అక్షరం ఎక్కువవుతుంది. యతి పదమూడో అక్షరం: 'కన్నీటం'లో క, 'నిక్కం'లో క్కం. నాటకంలో రాగం సాగదీసి 'కరిగి' అని పాడేవాళ్లుంటారు, హార్మోనియం వెనక ఛందస్సు దాక్కుంటుంది. ఈ పద్యాలు బలిజేపల్లి వారి హరిశ్చంద్ర నాటకంలోవి కావు. నటులు కాటిసీనులోకి తెచ్చుకున్న జాషువా పద్యాలివి.

అరసున్న: క్రాగిలో 'క్రా' ముందున్న 'డి' గురువు కావాలి కదా?

కాటిసీను: అక్కర్లేదు. వేరే తెలుగు మాట మొదట్లో వచ్చే రేఫ సంయుక్తం (రవత్తు ఉన్న అక్షరం) తన ముందు అక్షరాన్ని ఊది గురువు చేయదు. అర్థం కూడా చూడండి. క్రాగు అంటే కాగడం, ప్రాత పాత అయినట్టు, త్రాగు తాగు అయినట్టు. కన్నీళ్లు పడి రాళ్లు కరగలేదు, కాగాయి. తల్లుల కన్నీటి వేడి ఎంతో ఆ ఒక్క క్రియలో ఉంది. కరిగితే రాయి మెత్తబడిందని మాత్రమే చెప్పినట్టు.

రెండోపాదం: ఆ పద్యంలోనే "చలనంబు లేని శయనం" ఉంది. కావ్యంలో ఎంతో గొప్పగా ఉంటుంది గానీ చిన్నపిల్లలకు చెప్పే వాక్యంలో నిద్ర అనకండి. తాతయ్య పడుకున్నాడంటే రాత్రి పడుకోవడానికి భయపడతారు, లేపమని అడుగుతారు. "ఊపిరి ఆగింది, గుండె ఆగింది, ఒంటికి ఇక నొప్పి తెలియదు" అని తిన్నగా రాయండి. దింపుడు కళ్లం దగ్గర పిలుపును ఆ తరవాతే చెప్పండి.

గుర్రపుడెక్క: వ్యాసంలో కళ్లం రాసినా, కుండలీకరణాల్లో కళ్లెం కూడా ఇవ్వండి. ఉపనిషత్తు ఆధారం ఎవరూ కొట్టివేయలేదు.

నిఘంటుప్రియ: ఉపనిషత్తులో ఉన్నది 'ప్రగ్రహం' అండీ. అది గుర్రం నోట్లో ఉండే కళ్లెం కాదు, చేతిలో పట్టుకునే పగ్గం. మీ వాదం ప్రకారం దింపుడు పగ్గం కావాలి.

గుర్రపుడెక్క: పగ్గం కళ్లేనికే కదా కడతారు!